ఫైటర్ చేపకు తోడు: కర్నూలు పడమటి సీమలో చిన్న గాజు తొట్టి సహవాసంపై సమీక్ష

చిన్న గాజు తొట్టిలో ఫైటర్ చేపతో పాటు మరే జీవిని ఉంచవచ్చునన్న ప్రశ్నకు పెంపకపు పుస్తకాల్లోనూ, అక్వేరియం అంగళ్లలోనూ దొరికే సమాధానం సాధారణంగా పేర్ల పట్టికగా ఉంటుంది. ఫలానా చేప కలుస్తుంది, ఫలానా చేప కలవదు అని అది చెబుతుంది. ఈ పట్టికల్లో చాలా భాగం కొళాయిలో మెత్తని నీరు వచ్చే, ఎండాకాలంలోనూ గది వేడి పెద్దగా పెరగని దేశాల అనుభవం మీద కూర్చినవి కాబట్టి, బోరు నీళ్లూ, నిప్పులు చెరిగే ఎండలూ, కరెంటు కోతలూ కలిసి ఉండే చోట వాటిని ఉన్నవున్నట్టుగా పాటిస్తే ముందు చచ్చిపోయేది ఫైటర్ కాదు, దానికి తోడుగా తెచ్చిన చేప. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు దగ్గరగా ఉన్న పెద్దకడుబూరు మండలం, దాని చుట్టుపక్కల పల్లెలు అలాంటి చోటే. ఈ ప్రాంతంలో తోడు చేప ఎంపికను స్వభావంతో మొదలుపెట్టకూడదనీ, తొట్టి కొలత, నీరు, వేడి అన్న మూడింటినీ దాటిన తర్వాతే స్వభావం మాట ఎత్తాలనీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ వరుసలో చూసినప్పుడు పట్టికల్లో చివర ఉండే నత్త మొదటికి వస్తుంది, మొదట ఉండే నియాన్ టెట్రా చివరికి పోతుంది.

అంగళ్లలో ఫైటర్ అని పిలిచే ఈ చేప శాస్త్రనామం బెట్టా స్ప్లెండెన్స్. దీని పుట్టినిల్లు మధ్య థాయ్‌లాండ్‌లోని వరిమళ్లు, లోతు తక్కువైన నిలవనీటి మడుగులు. ఈస్టిండియా కంపెనీ వైద్య కొలువులో పనిచేసిన థియొడోర్ కాంటర్ 1849లో దీనిని మరో పేరుతో వర్ణించగా, ఆ పేరు వేరొక జాతికి చెందినదని గుర్తించి బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త చార్లెస్ టేట్ రీగన్ 1910లో ఇప్పటి పేరు పెట్టాడు. థాయ్ భాషలో దీనిని ప్లా కట్ అంటారు. కరిచే చేప అని దాని అర్థం. పందేల కోసం తరతరాలుగా పెంచిన ఈ చేప మనుషుల చేతికి వచ్చి కనీసం వెయ్యేళ్లయిందని 2022లో వెలువడిన ఒక జన్యు పరిశోధన తేల్చింది. 2019లో థాయ్ ప్రభుత్వం దీనిని జాతీయ జలచరంగా ప్రకటించింది. అంటే అంగట్లో ప్లాస్టిక్ గ్లాసులో కనిపించే ఫైటర్ అడవి చేప కాదు. కోడిపుంజును పందెం కోసం తీర్చినట్టు, మనిషి పట్టుబట్టి పగను పెంచిన చేప. దాని కోపాన్ని పెంపకంతోనో అలవాటుతోనో మాన్పించవచ్చునన్న నమ్మకం ఇక్కడే వీగిపోతుంది.

ఈ చేప తల లోపల, మొప్పలకు పైభాగాన, మడతలు పడిన కణజాలంతో ఒక అదనపు శ్వాసావయవం ఉంటుంది. దీనినే లాబిరింత్ అంటారు. నీటి పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి, ఆ మడతల ద్వారా ప్రాణవాయువును నేరుగా రక్తంలోకి తీసుకోవడం దీని పని. తెలుగువారికి బాగా తెలిసిన కొర్రమీనులోనూ ఇదే పని చేసే గాలి గది ఉండబట్టే అది తడి గోనెసంచిలో గంటల తరబడి బతికి సంతకు చేరుతుంది. ఫైటర్ గిన్నెలోనైనా బతుకుతుందన్న మాటకు మూలం ఈ అవయవమే గాని, బతకడం వేరు, బాగుండడం వేరు. వరిమడిలో నీటి లోతు జానెడే అయినా వెడల్పు ఎకరాల్లో ఉంటుందనీ, ఓడిన చేప గట్టు వైపు పారిపోయి ప్రాణం దక్కించుకుంటుందనీ, గాజు తొట్టిలో ఆ గట్టు లేదనీ గుర్తించడం దగ్గరే సహవాసపు చర్చ మొదలవ్వాలి.

ఫైటర్ కోపంపై జంతు ప్రవర్తన శాస్త్రంలో చాలా పని జరిగింది. ఎదుటి మగచేపను చూసినప్పుడు అది మొప్పమూతలను విప్పి, వాజాలను చాచి, ఒంటి రంగును ముదర చేసుకుని, పక్కకు తిరిగి తోక ఊపే తీరును సింప్సన్ 1968లో సవివరంగా నమోదు చేశాడు; అద్దంలో తన నీడనే చూసుకున్నా అది ఇదే ఆటోపం చేస్తుంది. 1998లో ఒలివేరా, మెక్‌గ్రెగర్, లాట్రూఫ్ వెలువరించిన పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది: పక్క తొట్టిలో రెండు మగచేపల పోరును చూసిన ఫైటర్, ఆ తర్వాత గెలిచినదానితో ఒక రకంగా, ఓడినదానితో మరో రకంగా మెలుగుతుందని వారు చూపారు. చూసేవారున్నప్పుడు మగచేపలు తమ పోరు తీరును మార్చుకుంటాయని 2001 నాటి మరో పరిశోధన తెలిపింది. ఈ చేప గుడ్డిగా మీద పడేది కాదనీ, ఎదుటివారి ఆకారాన్నీ కదలికనూ చదివి నిర్ణయం తీసుకునేదనీ వీటి సారాంశం. ఆ చదువులో దానికి శత్రువుగా కనిపించేది పొడవైన తోక, మెరిసే రంగు, నెమ్మదైన ఈత, నీటి పైపొరలో తిరిగే అలవాటు. కాబట్టి తోడుగా పనికివచ్చేది పొట్టి వాజాలు, మాసిన రంగు, చురుకైన ఈత లేదా అడుగున పాకే అలవాటు ఉన్న జీవి. ఇంతవరకు ప్రపంచంలోని పట్టికలన్నీ ఒప్పుకుంటాయి. తేడా దీని తర్వాతే వస్తుంది.

మొదటి జల్లెడ తొట్టి కొలత. పల్లెల్లో ఇంటింటికీ తెలిసిన కొలమానం 20 లీటర్ల నీళ్ల క్యాను కనుక దానితోనే చెప్పుకోవచ్చు. అక్వేరియం పెంపకందారుల్లో బాగా స్థిరపడిన సలహా ప్రకారం ఫైటర్ ఒక్కదానికే సుమారు ఒక క్యాను నీళ్లు, గుంపుగా తిరిగే తోడు చేపలను చేర్చాలంటే కనీసం రెండు క్యాన్ల నీళ్లు ఉండాలి. అడుగు పొడవు, అరడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తుతో అంగళ్లలో కనిపించే చిన్న తొట్టిలో అంచు దాకా నింపినా తొమ్మిదిన్నర లీటర్లకు మించి పట్టవు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే రెండోదానిలో నిలిచేవి 45 లీటర్లు కావచ్చు. నీటి పరిమాణం ఎంత ముఖ్యమో నేల వైశాల్యం అంతే ముఖ్యం. నిలువుగా ఎత్తుగా ఉండే గాజు కూజాలో పది లీటర్లు పట్టినా పారిపోయే దారి ఉండదు. గుండ్రని గాజు గిన్నె విషయంలో తర్జనభర్జన అవసరం లేదు, అందులో ఏ తోడునూ ఉంచకూడదు.

రెండో జల్లెడ నీరు, ఈ ప్రాంతానికి సంబంధించినంత వరకు అసలు చర్చ ఇక్కడే ఉంది. పడమటి కర్నూలు పల్లెలకు నీళ్లు రెండు దారుల్లో వస్తాయి: ఒకటి హోస్పేట దగ్గర తుంగభద్ర జలాశయం నుంచి బయలుదేరే దిగువ కాలువ, రెండోది నేల కింది రాతి పగుళ్లలోంచి తోడే బోరు. కాలువకు నీళ్లు వదిలినప్పుడు వేసవి నిల్వ చెరువులను నింపుకుని ఏడాది పొడవునా శుద్ధి చేసి పంపుతారు. ఆదోని పట్టణానికి బసాపురం దగ్గరి నిల్వ చెరువు ఇలాంటిదే. కాలువ నీరు అడుగంటినప్పుడు, లేదా కొళాయి కొన్ని రోజులకొకసారి వచ్చేటప్పుడు, తొట్లలోకి బోరు నీళ్లే చేరతాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండి సబ్బు నురగ సరిగా రాని నీటిని కఠినజలం అంటారు. ఊళ్లలో ఉప్పునీళ్లు అనేవి చాలావరకు ఇవే. సబ్బు ఇట్టే నురగెత్తే నీరు మృదుజలం. ఫైటర్ మూలతః మృదుజలపు చేప అయినా తరతరాల పెంపకంలో కఠినజలాన్నీ తట్టుకోవడం నేర్చింది. దాని తోడుగా పట్టికల్లో కనిపించే చాలా చేపలకు ఆ ఓర్పు లేదు.

కఠినజలానికి తోడు క్షారగుణం కూడా ఉంటే మరో చిక్కు వస్తుంది. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఇది నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే చేపకు విషం. నీటి ఆమ్ల క్షార స్థితిని తెలిపే పిహెచ్ విలువ 7 ఉన్నప్పుడు, 25 డిగ్రీల వేడిలో, మొత్తం అమ్మోనియాలో విష రూపం ఒక శాతంలోపే ఉంటుంది; పిహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది, వేడి 30 డిగ్రీలకు పెరిగితే ఇంకా హెచ్చుతుంది. అంటే ఒకే ఎంగిలి మేత, ఒకే మలం, క్షారగుణం ఉన్న బోరు నీటిలో పదింతల విషమవుతుంది. ఈ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత హాని తక్కువైన నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలోనూ ఇసుకలోనూ స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో ఫైటర్‌నూ, ఆరు తోడు చేపలనూ ఒకే రోజు వేసి, వారం తిరక్కుండానే ఒక్కొక్కటిగా పోగొట్టుకున్నవారు ఆ చావులను ఫైటర్ కోపానికి కడతారు. కొరికిన గాయం ఒంటి మీద లేకుండా చేప చనిపోతే తప్పు సాధారణంగా నీటిదే.

నీళ్లను మెత్తబరచడానికి క్యాన్లలో అమ్మే ఆర్‌ఓ నీటిని వాడే పద్ధతి ఊళ్లలో ఉంది. ఆ నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక అది ఒక్కటే వాడితే పిహెచ్ నిలకడ తప్పి ఒక్క రాత్రిలో పడిపోవచ్చు. దానిని బోరు నీటితో సగం సగం కలిపి, ప్రతిసారీ అదే పాళ్లలో వాడడం మేలు. నీటి మంచిచెడ్డల కన్నా దాని మార్పే చేపను ఎక్కువ కుంగదీస్తుంది. కాలువ నీరు వచ్చిన వారం ఒక రకం, బోరు నీరు వచ్చిన వారం మరో రకం పోసే ఇంట్లో ఫైటర్ నిలదొక్కుకున్నా, తోడు చేపలు నిలవవు. కొళాయి నీటిలో కలిపే బ్లీచింగ్ పౌడరు ఘాటు పోవడానికి బకెట్టులో ఒక రోజు మూత లేకుండా నిల్వ ఉంచడం చాలు. వారానికి పావు వంతు మార్చే లెక్కన రెండడుగుల తొట్టికి కావలసింది ఒక బిందెడు నీళ్లు. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో అది చిన్న ఖర్చు కాదు కాబట్టి, తీసిన నీళ్లను మొక్కలకు పోయడం ఉత్తమం, నైట్రేట్ వాటికి ఎరువు.

మూడో జల్లెడ వేడి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. రేకుల ఇంట్లోనో, పడమటి గోడ పక్కనో ఉన్న తొట్టి ఆ వేడిని రాత్రికి కూడా వదలదు. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములకు కొంచెం లోపే కరుగుతుంది. అదే సమయంలో చేప ఒంటికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే ఫైటర్ పైకి వచ్చి గాలి మింగి గట్టెక్కుతుంది. మొప్పలే దిక్కైన తోడు చేపలు నీటి పైన నోళ్లు తెరిచి ఊపిరికి కొట్టుకుంటాయి. ఒకే తొట్టిలో ఉన్నా ఆ రెండింటి ఆపద ఒకటి కాదన్న సంగతిని పట్టికలు చెప్పవు. గాలి పొడిగా ఉండే రాయలసీమ వేసవిలో ఒక అనుకూలత కూడా లేకపోలేదు: తొట్టి మూత తీసి వల కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తగలనిస్తే నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. అయితే ఆవిరయ్యేది నీరే గాని లవణాలు కావు. తగ్గిన నీటిని మళ్లీ బోరు నీళ్లతోనే నింపుతూ పోతే తొట్టి నెలనెలకూ మరింత ఉప్పెక్కుతుంది. ఆవిరైనంత మేర ఆర్‌ఓ నీళ్లు పోయడం ఇక్కడ సరైన పని.

ఈ మూడు జల్లెళ్లనూ దాటి నిలిచే మొదటి తోడు నత్త. నత్త గుల్ల కాల్షియం కార్బొనేటుతో కట్టుకున్నది కనుక మృదుజలంలో గుల్ల పలచబడి గుంటలు పడుతుంది, కఠినజలంలో గట్టిపడుతుంది. పెంపకందారులు తిట్టుకునే ఉప్పునీళ్లు నత్తకు పుష్టి. అంగళ్లలో దొరికే నెరైట్ నత్త గాజు మీది పాచిని గీకి తింటుంది, మంచినీటిలో దాని పిల్లలు బతకవు కనుక సంతానం పెరిగి తొట్టి నిండిపోదు. మిస్టరీ స్నెయిల్ అని అమ్మే యాపిల్ నత్త పెద్దది, దాని పొడవైన మీసాలను ఫైటర్ పురుగులనుకుని కొరకడం కద్దు. అలాంటి ఫైటర్ ఉన్న తొట్టిలో నెరైటే మేలు. వరిమళ్లలోనూ కాలువ గట్ల వెంటా దొరికే నత్తలను తెచ్చి వేయడం మాత్రం ప్రమాదం. వాటిలో ఇండోప్లానోర్బిస్ అనే చక్రాకారపు నత్త పశువుల రక్తంలో చేరే పరాన్నజీవి పురుగులకు మధ్య ఆతిథేయి, అంటే ఆ పురుగు తన జీవితంలో ఒక దశను ఈ నత్తలోనే గడుపుతుంది. దానిలోంచి వెలువడే లార్వాలు మనిషి చర్మంలోకి చొరబడి దురదను పుట్టిస్తాయి. ఒక క్యాను నీళ్లు పట్టే తొట్టిలో ఫైటర్‌తో పాటు ఒకటి రెండు నెరైట్ నత్తలు ఉండడం ఈ ప్రాంతానికి సరిపడే సహవాసం. అంతకన్నా చిన్న తొట్టిలో ఫైటర్ ఒంటరిగా ఉండాలి. ఒంటరితనం దానికి శిక్ష కాదు. సొంత హద్దును కాపాడుకునే చేప అది, గుంపు కోసం తపించేది కాదు. తోడు లేదని జాలిపడేది మనిషి మనసే.

చెర్రీ ష్రింప్ అనే చిన్న ఎర్ర రొయ్య రెండో స్థానంలో నిలుస్తుంది గాని ధైర్యంగా సిఫారసు చేయదగినది కాదు. మధ్యస్థ కఠినత్వం దానికి సరిపడినా, నీరు 30 డిగ్రీలు దాటే వేసవి సరిపడదు. పైగా ఫైటర్ మూలతః పురుగులను తినే వేటచేప కనుక రొయ్య పిల్లలన్నీ దానికి మేతే. నాచు దట్టంగా పెంచిన రెండడుగుల తొట్టిలో, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే ఈ ప్రయత్నం చేయదగింది.

గప్పీ, ప్లాటీ, మోలీ వంటి పిల్లలు పెట్టే చేపల విషయంలో ఈ ప్రాంతపు పెంపకందారు అసలైన ఇరకాటంలో పడతాడు. ఇవి కఠినమైన క్షారజలంలో వర్ధిల్లుతాయి, ధర తక్కువ, ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. నీటి జల్లెడను ఇంత సులువుగా దాటే చేప మరొకటి లేదు. కాని మగ గప్పీ విసనకర్ర తోక, మెరిసే రంగు, పైపొరలో ఈత ఫైటర్ కంటికి మరో మగ ఫైటర్‌గా తోస్తాయి. ఆడ గప్పీలు బూడిద రంగులో, పొట్టి తోకతో ఉంటాయి గనుక వాటిని సహించే ఫైటర్లు ఉంటాయి; కాని అంగట్లో కొన్న ఆడ గప్పీ దాదాపు ఎప్పుడూ కడుపుతోనే ఉంటుంది, మగచేప వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని సుమారు నాలుగు వారాలకొకసారి ఈనుతుంది. కొన్ని పిల్లలను ఫైటర్ తినేసినా మిగిలినవి మూడు నాలుగు నెలల్లో చిన్న తొట్టిని నింపేస్తాయి, మళ్లీ అమ్మోనియా ప్రశ్నే ఎదురవుతుంది. మోలీ పెద్దదై చురుకుదనంతో ఫైటర్‌ను విసిగిస్తుంది. రెండు క్యాన్ల నీళ్లకు మించిన తొట్టిలో, ఒకే లింగానికి చెందిన మూడు నాలుగు పొట్టి తోక ప్లాటీలు మాత్రం పరీక్షించదగిన తోడు. ఈ వర్గంలో మిగిలినవి వద్దు.

పట్టికలన్నిటిలోనూ మొదటి వరుసలో ఉండే నియాన్ టెట్రా, ఎంబర్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా, కూలీ లోచ్, కోరిడోరాస్‌ల స్వభావంపై పట్టికల తీర్పు తప్పు కాదు. ఆరుకు తగ్గకుండా గుంపుగా తిరిగే ఈ చేపలు ఫైటర్ జోలికి పోవు, ఫైటర్ వాటిని అందుకోలేదు. చిక్కంతా ఊరిదే. దక్షిణ అమెరికా అడవుల నల్లని మృదుజలంలో పుట్టిన నియాన్ టెట్రాకు 26 డిగ్రీలు దాటితే ఇబ్బంది. కోరిడోరాస్ జాతుల్లో చాలావాటికీ వేసవి వేడి పడదు. ఎంబర్ టెట్రా, మలయా ప్రాంతపు హార్లెక్విన్ కొంత ఎక్కువ వేడిని ఓర్చుకుంటాయి; మెత్తబరచిన నీటిని నిలకడగా సమకూర్చగలిగి, కరెంటు పోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉన్న ఇంట్లో, రెండడుగుల తొట్టిలో ఆరు హార్లెక్విన్‌లు ఫైటర్‌కు అందమైన తోడు. ఈ ఏర్పాట్లు లేని ఇంటికి వాటిని తేవడం వాటి ఆయుష్షును తుంచడమే.

స్థానిక చేపలు ఈ నీటికీ ఈ ఎండకూ పుట్టుకతోనే అలవాటు పడినవి కదా, వాటినే తోడుగా ఎందుకు ఎంచుకోకూడదన్న ప్రశ్న సబబైనది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకపు చేపల గ్రంథంలో వర్ణించిన జీబ్రా చేప భారత ఉపఖండానిదే. చలినీ వేడినీ, కఠినజలాన్నీ ఓర్చుకోవడంలో దానికి సాటి తక్కువ. పొట్టి తోక, చురుకైన ఈత కూడా అనుకూలమే. కాని అది క్షణం నిలవని చేప, రెండడుగులకు తగ్గిన తొట్టిలో దాని ఉరుకులాట ఫైటర్‌కు నిత్యం వేధింపవుతుంది. గుంపు చిన్నదైతే పొడవాటి వాజాలను కొరికే అలవాటూ పడుతుంది. రెండున్నర అడుగుల తొట్టిలో, ఎనిమిది పది చేపల గుంపుతో, పొట్టి వాజాల ప్లకాట్ రకం ఫైటర్‌తో జీబ్రాలను ఉంచడం ఈ ప్రాంతానికి తగిన ఏర్పాటుగా పరిగణించవచ్చు. కాలువలో పిల్లలు పట్టి తెచ్చే పరిగెలు ఆటకు బాగుంటాయి గాని వాటిలో చాలా రకాలు చిన్న తొట్టికి మించి ఎదుగుతాయి, కొన్ని వాజాలు కొరుకుతాయి. గాజులా ఒళ్లు పారదర్శకంగా ఉండే చందా నామా అనే చిన్న చేప సాధువుగా కనిపిస్తుంది. తోటి చేపల పొలుసులను పీక్కుని తినడం దాని ఆహారపు అలవాటని పరిశోధకులు నిర్ధారించారు. కొర్రమీను పిల్లల మాట ఎత్తనక్కరలేదు, అవి వారాల్లోనే ఫైటర్‌ను మింగేంత అవుతాయి.

గంబూషియా సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. దోమ లార్వాలను తినడానికి 1928లో భారతదేశానికి తెచ్చిన ఈ అమెరికా చేపను ఆరోగ్య శాఖ సిబ్బంది మలేరియా, డెంగీ నివారణ కార్యక్రమాల్లో కుంటల్లోనూ నీటి గుంటల్లోనూ వదులుతుంటారు కనుక అది ఊరికే దొరుకుతుంది. చూడడానికి ఆడ గప్పీలా ఉండే ఈ చేప తన కన్నా పెద్ద చేపల తోకలను చీలికలు చేసేంత దుడుకుది. ఫైటర్‌తో కలిపితే ఓడేది ఫైటరే.

మిగిలినవాటిని త్వరగా దాటవచ్చు. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీరు, పెద్ద తొట్టి కావాలి, అది వదిలే మలం చిన్న తొట్టికి భారం. టైగర్ బార్బ్ తోకలు కొరకడంలో ప్రసిద్ధి. గౌరామీలు ఫైటర్ వంశానివే, లాబిరింత్ ఉన్నవే, అందుకే వాటితో హద్దు తగాదా తప్పదు. పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేప అరచేతి పొడవుతో ఆగకుండా అడుగు దాకా పెరుగుతుంది. రెండు మగ ఫైటర్లను కలపడం చావుకు విడవడమే. వినోదం కోసం వాటిని పోరుకు పురికొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. నాలుగైదు ఆడ ఫైటర్లను కలిపి పెంచే పద్ధతిని కొందరు మెచ్చుకుంటారు గాని, ఆడచేపలూ ఒకదానినొకటి అణచి వరుస తేల్చుకునేవే కనుక చిన్న తొట్టిలో అది అడుగున ఉన్న చేపను రోజూ హింసించే ఏర్పాటు. మగ, ఆడ జంటను గుడ్లు పెట్టించే రోజుల్లో మాత్రమే కలపాలి. బుడగల గూటిలో గుడ్లు చేరగానే మగచేప తల్లిని కూడా తరిమికొడుతుంది.

తగిన తోడు దొరికాక దానిని చేర్చే క్రమం కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఫైటర్ ముందే ఉన్న తొట్టి మొత్తం దాని ఏలుబడి. కొత్తగా వచ్చినది చొరబాటుదారు. అందువల్ల తోడు జీవులను ముందు వేసి ఫైటర్‌ను చివర వదలడం, లేదా ఫైటర్‌ను కాసేపు వేరు చేసి రాళ్లూ మొక్కలూ చోటు మార్చి అందరినీ కలిపి వదలడం మేలైన పద్ధతి. చూపును అడ్డుకునే మొక్కలు తగాదాను సగం తగ్గిస్తాయి. నీటి పైన తేలే అంతరతామర వేళ్ల గుబురు చిన్న జీవులకు మంచి దాపు. ఎండిన బాదం ఆకును ఒకటి నీటిలో వేసే అలవాటు థాయ్ పెంపకందారులది. పెరటి బాదం చెట్టు ఆకు ఇక్కడా అదే పని చేస్తుంది, నీటికి లేత టీ రంగు వచ్చి అద్దపు నీడలు తగ్గుతాయి. అంగడి నుంచి తెచ్చిన ప్రతి జీవినీ రెండు మూడు వారాలు విడి తొట్టిలో ఉంచి చూడాలి. తెల్ల మచ్చల వ్యాధి ఎక్కువగా కొత్త చేపతోనే ఇంట్లోకి వస్తుంది. నత్తలు, రొయ్యలు ఉన్న తొట్టిలో రాగి కలిసిన మందు వేయకూడదు, అది వాటికి విషం. కలిపిన మొదటి వారం రోజూ చూడవలసిన గుర్తులు ఇవి: తోక చీలడం, మూలన దాగి మేతకు రాకపోవడం, ఫైటర్ గంటల తరబడి మొప్పమూతలు విప్పే ఉంచడం. వీటిలో ఏది కనిపించినా సర్దుకుంటాయని వేచి చూడకుండా వేరు చేయాలి. అందుకే తోడు చేప కొనే ముందు రెండో తొట్టి, కనీసం ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు, సిద్ధంగా ఉండాలి. వేసవిలో కొత్త చేపను తేకుండా వానలు పడి నీరు చల్లబడ్డాక తేవడం ఈ ప్రాంతంలో అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యే జాగ్రత్త.

సహవాసం కుదరక మిగిలిపోయిన చేపను, తొట్టిని నింపేసిన గప్పీలను, అడుగు పొడవెదిగిన సక్కర్‌ను కాలువలో వదిలితే పుణ్యమన్న భావన చాలా ఇళ్లలో ఉంది. ఇలా వదిలిన సక్కర్ చేపలే తెలుగు రాష్ట్రాల చెరువుల్లోనూ నదుల్లోనూ పెరిగి, మత్స్యకారుల వలలను చింపుతూ, వారి నోట దెయ్యం చేపలన్న పేరు తెచ్చుకున్నాయి. పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో తొట్టి పెట్టుకున్న ప్రతి ఇంటివారూ తమ తొట్టిలో ఇమడని చేపను తెచ్చిన అంగడికే తిరిగి ఇవ్వాలి, లేదా పెంచగల మరో ఇంటికి చేర్చాలి; దిగువ కాలువలో గాని, నిల్వ చెరువులో గాని, ఊరి కుంటలో గాని దానిని ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు.